పొలముల క్రింది వాయుమార్గము

(సంఘ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



సహజవాయువును గూర్చి మాటలాడుమని సంఘమువారు కోరిరి. ఇది ఇంజనీర్లకును వర్తకులకును చెందిన విషయము గదా, మనకేల యని కొందరికి తోచవచ్చును. కాని కొచ్చి నుండి బెంగుళూరునకు ఉద్దేశింపబడిన వాయుమార్గము తమిళనాడులో ఏడు జిల్లాల గుండా పోవలసియున్నది. అందు కోయంబత్తూరు, కృష్ణగిరి చేరియున్నవి. అచ్చట తరతరములుగా సేద్యము చేయుచున్న తెలుగు కుటుంబములు అనేకము. కనుక నాలుగు మాటలు మనవి చేయుదుము.

దూరదేశపు వాయువు మన యొద్దకు వచ్చు విధమును మొదట చూతము. ఆస్ట్రేలియా వాయవ్య తీరమున గార్గన్ అను క్షేత్రము కలదు. సముద్రగర్భము నుండి తీసిన వాయువును శూన్యమునకు దిగువ సుమారు 162 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చల్లబరచి ద్రవముగా మార్చుదురు. అప్పుడది దాదాపు 600వ వంతు స్థలములో ఇముడును. దానిని ప్రత్యేకమైన ఓడలలో నింపి ఎగుమతి చేయుదురు. ఈ వాయువును కొనుటకు మన దేశపు పెట్రోనెట్ సంస్థ 2009లో ఒడంబడిక చేసికొన్నది. ఏటా 50 లక్షల టన్నులు దిగుమతి చేసికొనగల కేంద్రము కొచ్చిలో 2013లో సిద్ధమైనది. అచ్చట ద్రవమును మరల వాయువుగా మార్చి పైపులైనులోనికి పంపవలెను. ఆ పైపులైను కూట్టనాడు వద్ద చీలి, ఒక శాఖ మంగళూరునకు, రెండవది కోయంబత్తూరు మీదుగా బెంగుళూరునకు పోవలెను. అది పూర్తికానందున అంత పెద్ద కేంద్రము ఏండ్ల తరబడి తన శక్తిలో స్వల్పభాగముతోనే పనిచేసినది. సముద్రములు దాటి రాగల వాయువునకు పొలము గట్టు అడ్డమైనది.

దీనికి కారణము తెలియవలెనన్న 1962 నాటి పైపులైనుల చట్టమును చూడవలెను. ఈ చట్టము క్రింద ప్రభుత్వము భూమిని కొనదు. దాని అడుగున గొట్టము వేయు ఉపయోగహక్కును మాత్రము తీసికొనును. పట్టా రైతు పేరనే యుండును. పైరు పెట్టుకొనవచ్చును. కాని ఆ మేర ఇల్లు కట్టరాదు, బావి త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. ఇందులకు పరిహారము భూమి బజారు ధరలో నూటికి 10 వంతులు. పైరుకు, చెట్లకు కలిగిన నష్టము వేరుగా ఇత్తురు. కొబ్బరితోటయే జీవనాధారమైనవానికి, చెట్టు నాటరాని నేల నామమాత్రపు నేలయే గదా!

రైతుల ఆందోళన మీదట 2013లో తమిళనాడు ప్రభుత్వము, పైపులైనును పొలములు విడిచి జాతీయ రహదారుల వెంట వేయవలెనని గెయిల్ సంస్థను ఆదేశించినది. మద్రాసు హైకోర్టు ఆ సంవత్సరము నవంబరులోనే ఆ ఉత్తర్వును కొట్టివేసినది. 2016 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు కూడ సంస్థ పక్షముననే తీర్పు చెప్పినది. వ్యాజ్యము ముగిసినది, పని మాత్రము సాగలేదు. 2021 జనవరి 5న కొచ్చి–మంగళూరు శాఖ ప్రారంభమైనప్పటికి తమిళనాడు భాగము అసంపూర్ణముగానే యుండెను.

కేరళలో మాత్రము ప్రతిఘటన లేకపోయెనా? 2017లో ముక్కం వద్ద తీవ్రమైన ఆందోళన జరిగినది, పోలీసులును దిగిరి. కాని అచ్చటి ప్రభుత్వము పరిహారమును హెచ్చించినది. స్వల్పభూమి గలవారికి ప్రత్యేక సహాయము ప్రకటించినది. పని నెరవేరినది. తీర్పు హక్కును స్థాపింపగలదు. గొట్టమును పూడ్చుటకు రైతు సమ్మతియు కావలెను. మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

రైతు భయమును అజ్ఞానమని త్రోసివేయరాదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామమున వాయుగొట్టము పగిలి మంటలు చెలరేగగా 20 మందికి పైగా మరణించిరి. 2006 చట్టము వలన ఏర్పడిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి పైపులైనులకు అనుమతి నిచ్చుచు, రవాణా సుంకములను, రక్షణ ప్రమాణములను నిర్ణయించుచున్నది. పొలముల పరిహారము నిర్ణయించు పని మాత్రము దానిది కాదు. అది 1962 చట్టము క్రింద నియమితుడగు అధికారిది. గొట్టమునకు ఒక చట్టము, పొలమునకు మరియొక చట్టము.

వాయువు దేశమునకు అవసరమే. ఎరువుల కర్మాగారములకును, వంటిండ్లకును అది ఉపకరించును. మేము అభివృద్ధికి విరోధులము కాము. అయితే శాశ్వతమైన నిర్బంధమునకు పదవవంతు ధర న్యాయమా యని పార్లమెంటు పునరాలోచింపవలెను.

అంతవరకు మనవారు చేయవలసినది కొంత కలదు. గెజెట్టులో ప్రకటన వెలువడిన 21 దినములలోగా ఆక్షేపణ వ్రాసి ఇయ్యవలెను. గడువు దాటిన వినువారుండరు. తోట, బావి, చెట్ల లెక్క వ్రాసి యుంచుకొనవలెను. పరిహారము చాలదని తోచినచో జిల్లా న్యాయమూర్తికి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ప్రకటన ఏ భాషలో నున్నను, దానిని చదివి ఇరుగుపొరుగు రైతులకు తెలియజెప్పువాడు ప్రతి గ్రామమునను ఒకడుండవలెను. ఆ భారమును మన సంఘ శాఖలు వహించునని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.