సెలవురోజు నడక, చేతిలో కెమెరా

ఉక్కు పట్టణంలో ఆదివారం అందరికీ ఆదివారం కాదు. మూడు షిఫ్టుల్లో నడిచే కర్మాగారంలో పనిచేసేవారికి వీక్లీ ఆఫ్ ఒకరికి మంగళవారం రావచ్చు, ఇంకొకరికి శుక్రవారం రావచ్చు. ఆ రోజు పిల్లలు బడిలో ఉంటారు, స్నేహితులు డ్యూటీలో ఉంటారు. అందుకే ఆ ఒక్కరోజూ నిద్రకో, టీవీకో, బజారు పనులకో ఖర్చయిపోతుంది. ఒంటరిగానైనా, కుటుంబంతోనైనా, ఏ వారమైనా చేసుకోదగ్గ రెండు పనుల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఒకటి ఊరు దాటి పొలాల వెంట నడవడం. రెండోది ఆ నడకలో ఫోటోలు తీయడం. ఉదాహరణకు మనం తీసుకునే ఊరు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగువారు చాలామంది. మూడో తరం కూడా ఇప్పుడు అక్కడే పెరుగుతోంది.

ఈ రెండు వ్యాపకాలను ఎందుకు కలపాలి? విడివిడిగా చేస్తే రెండింటికీ చెరొక లోపం ఉంది. ఊరికే నడిచేవారు మూడోవారానికి విసుగుపడి మానేస్తారు. ఊరికే కెమెరా కొన్నవారు ఇంట్లో పుట్టినరోజుల ఫోటోలు తీసి దాన్ని బీరువాలో పెడతారు. కెమెరా ఉంటే నడిచేవాడు ఆగి చూస్తాడు. నడక ఉంటే కెమెరాకు పని దొరుకుతుంది. మామూలుగా గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడిచే మనిషి, కెమెరాతో బయలుదేరితే రెండు కిలోమీటర్లు కూడా దాటడు. ఆరోగ్యం కోసమే నడిచేవారికి ఇది నచ్చకపోవచ్చు. వారు వెళ్ళేటప్పుడు ఫోటోలు తీసుకుంటూ వెళ్ళి, తిరుగుప్రయాణంలో కెమెరాను సంచిలో పెట్టి వడిగా నడవాలి.

చరిత్ర చూసినా, చేతిలో ఇమిడే కెమెరా పుట్టింది ప్రయాణం చేయాలనుకున్నవారి ఇబ్బందిలోంచే. అమెరికాలోని రోచెస్టర్‌లో జార్జ్ ఈస్ట్‌మన్ అనే బ్యాంకు గుమాస్తా 1877లో ఒక విహారయాత్ర తలపెట్టి ఫోటో సామగ్రి కొన్నాడు. గాజు పలకలు, రసాయనాలు, గుడారం, అన్నీ కలిపి ఒక గుర్రం మోయాల్సినంత బరువు. యాత్రకు వెళ్ళనే లేదు. ఆ బరువు తగ్గించే ప్రయత్నమే చివరికి 1888లో కొడాక్ కెమెరా అయింది. జర్మనీలో ఆస్కర్ బార్నాక్ కథ మనకు ఇంకా దగ్గరిది. ఆయన ఒక కర్మాగారంలో మెకానిక్కు, సెలవుల్లో కొండల్లో తిరిగే మనిషి, పైగా ఉబ్బస రోగి. పెద్ద కెమెరా మోయలేక, సినిమా ఫిల్ము ముక్కను వాడుకునే చిన్న కెమెరాను 1914 నాటికి తయారుచేసుకున్నాడు. అదే 1925లో లైకా పేరుతో బజారుకు వచ్చింది. మన పెళ్ళి ఆల్బములన్నీ కొన్ని దశాబ్దాలపాటు ఆ కొలత ఫిల్ము మీదే నడిచాయి. ఆ లైకాను చూసి సోవియట్ యూనియన్‌లోని ఖార్కొవ్‌లో ఫెడ్ అనే కెమెరా చేశారు. దాన్ని 1934 నుంచి తయారుచేసింది విద్యావేత్త మకరెంకో పనిచేసిన అనాథబాలల కమ్యూనులో. సోవియట్ సహకారంతో వెలసిన ఊరి గురించి మాట్లాడుతున్నాం కనుక ఈ ముక్క చెప్పాను.

భిలాయి కర్మాగారానికి 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఎన్నో పల్లెల భూముల మీద సెక్టార్లు, తిన్నని రోడ్లు, ఒకే తీరు క్వార్టర్లు వచ్చాయి. అయితే ఏ దిక్కుకు పోయినా కాసేపటికే టౌన్‌షిప్ అయిపోయి వరిపొలం ఎదురవుతుంది. ఛత్తీస్‌గఢ్‌ను ధాన్యపు గిన్నె అంటారు. పల్లెపల్లెకూ చెరువులు ఉంటాయి, అక్కడివారు తరియా అంటారు. నల్లరేగడిని కన్హార్ అనీ, పసుపుపచ్చ నేలను మటాసీ అనీ, గట్టి గులకరాతి మెట్టను భాటా అనీ పిలుస్తారు. సెక్టార్లలో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఈ మాటలు తెలియవు. క్వార్టరు, బడి, సెక్టార్-5 బాలాజీ గుడి, సెలవుల్లో ఊరికి వెళ్ళే రైలు, ఇంతే వారికి తెలిసిన భిలాయి. చుట్టూ ఉన్న పల్లె వారికి రైలు కిటికీలోంచి కనిపించేదే. ఈ నడకలతో మొదట తీరేది ఆ లోటు.

మొదటి నడకకు ఎక్కువ దూరం వద్దు. దుర్గ్ పట్టణానికి పడమరగా శివనాథ్ నది ఉంది, మహానదికి ఉపనది. ఒడ్డున ఒక గంట నడవండి. రెండోసారి లోకల్ రైలెక్కి దేవ్‌బలోదా-చరోదాలో దిగండి. అక్కడ కలచురి రాజుల కాలం నాటి శివాలయం ఉంది, 13వ శతాబ్దానిదంటారు. శిఖరం లేని గుడి, పక్కనే కుండం. కొంచెం నడక అలవాటయ్యాక దుర్గ్ నుంచి దల్లీ-రాజహరా వెళ్ళే రైల్లో బాలోద్ దాకా పోవచ్చు. భిలాయి కొలిమికి ఇనుపరాయి వచ్చే దారి అదే. బాలోద్ దగ్గర తాందులా జలాశయం బ్రిటిషు కాలంలో కట్టినది. దాని గట్టు మీద నడక చలికాలం ఉదయాన ఎంతో బాగుంటుంది. చలికాలంలో పక్షులే కావాలనుకుంటే బెమెతరా జిల్లా గిధ్వా-పర్సదా చెరువులున్నాయి. అక్కడ 2021లో ప్రభుత్వం పక్షుల పండుగ కూడా జరిపింది.

ఇక వెలుగు సంగతి. ఫోటో అంటే కెమెరా ధర అనుకుంటారు చాలామంది. కాదు, గడియారం. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఎంత ఖరీదైన కెమెరా అయినా పొలాన్ని చదునుగా, మొహాలను కళ్ళకింద నల్లటి గుంటలతో చూపిస్తుంది. ఉదయం మొదటి గంట, సాయంత్రం చివరి గంట వెలుగు పక్కనుంచి పడుతుంది. గట్టు నీడ మడిలో పడుతుంది, నాగలి చాలు లోతుగా కనిపిస్తుంది. దేవ్‌బలోదా గోడల మీద బొమ్మలు కూడా పక్కవాటు వెలుగులోనే లేచి నిలబడతాయి. భిలాయిలో జూన్ నెలలో సుమారు 5:25కే పొద్దు పొడుస్తుంది. డిసెంబరు చివర 6:35 దాటుతుంది. ఈ లెక్క షిఫ్టు మనిషికి పనికొస్తుంది. డిసెంబరులో ఉదయం 6 గంటలకు నైట్ షిఫ్టు దిగినవారికి సూర్యోదయం ఇంకా అరగంట దూరంలో ఉంటుంది. కానీ నా సలహా, ఆ ఉదయం వదిలేయండి. రాత్రంతా నిలబడినవారు గట్ల మీద నడవకూడదు. నిద్రపోయి, సాయంత్రం నాలుగింటికి లేచి వెళ్ళండి. ఆ నెలలో 5:30కే పొద్దు వాలుతుంది కనుక మంచి వెలుగు చేతికందుతుంది.

కెమెరా లోపల జరిగేది అర్థం చేసుకోవడానికి పెద్ద పుస్తకం అక్కర్లేదు, ఒక గేదె, దాని మీద వాలిన కొంగ చాలు. కెమెరాలోని మీటరు తాను చూసే ప్రతిదీ మధ్యరకం బూడిదరంగులో ఉంటుందని అనుకుంటుంది. నల్లగేదె చట్రం నిండా ఉంటే, ఇది చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది. గేదె బూడిదరంగుకు దిగుతుంది, కొంగ తెల్లని మచ్చగా మారిపోతుంది, ఈకలు కనబడవు. అప్పుడు ఎక్స్‌పోజరును ఒక మెట్టు తగ్గించాలి. మొబైల్‌లో అయితే కొంగ మీద వేలు పెట్టి నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందకు లాగితే సరి. గేదె నల్లగానే ఉంటుంది, కొంగకు ఈకలు వస్తాయి. పొగమంచు ఉదయాన దీనికి తలకిందులు. చట్రమంతా తెలుపే కనుక మీటరు వెలుగు తగ్గించి మంచును మురికిగా చూపిస్తుంది. అప్పుడు ఒక మెట్టు పెంచాలి.

చేయి వణుకు రెండో సంగతి. వడిగా నడిచి ఆగిన వెంటనే గుండె దడదడలాడుతుంది, కెమెరా కూడా దాంతోపాటు ఊగుతుంది. పది అంకెలు లెక్కపెట్టి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి సగం వదిలి నొక్కండి. లెన్సు 200 మిల్లీమీటర్లదైతే షట్టరు వేగం సెకనులో 200వ వంతుకు తగ్గనీయకండి. వానాకాలంలో ఏసీ గదిలోంచి బయటకు తీసిన లెన్సు మీద ఆవిరి పడుతుంది. తుడిస్తే గీతలు పడతాయి. ఇరవై నిమిషాలు సంచిలోనే ఉంచితే అదే పోతుంది.

ఫిల్ము రోజుల్లో రీలుకు 36 బొమ్మలు. ఇప్పుడు మెమరీ కార్డులో వేలకు వేలు. నా మాటగా చెప్తున్నాను, ఒక నడకకు 36 అని మీకు మీరే హద్దు పెట్టుకోండి. ఆరు వందలు తీసుకొచ్చినవారు ఇంటికొచ్చి ఒక్కటీ చూడరు.

ఏ నెలలో ఏం దొరుకుతుంది? మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉండండి. శ్రావణ అమావాస్యకు హరేలీ పండుగ. రైతులు నాగలి, పార, కొడవలి కడిగి పూజిస్తారు, పిల్లలు గేడీ అనే వెదురు కాళ్ళెక్కి బురదలో నడుస్తారు. నడక మీద ఫోటోలకు అంతకన్నా మంచి రోజు లేదు. ఆ రోజుల్లో మడులు నీటితో అద్దాల్లా ఉంటాయి, ఆకాశం కిందా పైనా కనబడుతుంది. కోతలకు ముందు నిలబడ్డ వరిలోనే తివరా గింజలు చల్లుతారు. దాన్ని ఉతేరా అంటారు. మన వైపు వరిలో మినుము, పెసర చల్లడం చూసినవారు దాన్ని చూసీ చూడగానే గుర్తుపడతారు. శిశిరంలో మోదుగులు పూస్తాయి, అక్కడ పర్సా అంటారు. ఆ తర్వాత ఇప్పపూలు రాలతాయి. తెల్లవారకముందే ఆడవాళ్ళు బుట్టలతో వస్తారు.

ఆ బుట్టల దగ్గరే అసలు సమస్య మొదలవుతుంది. పువ్వు ఏరుకునే మనిషికి అది కూలి, మీకు దృశ్యం. అడగకుండా కెమెరా ఎత్తకండి. ముందు జోహార్ చెప్పండి, రెండు మాటలు మాట్లాడండి, కెమెరా చూపించి సైగతోనైనా అడగండి. వద్దంటే వద్దే. చెరువులో స్నానాల రేవు వైపు కెమెరా తిప్పనే తిప్పకండి, పక్షి అక్కడే వాలినా సరే. తీసిన ఫోటోను ప్రింటు వేయించి మళ్ళీ ఆ ఊరు వెళ్ళి ఇవ్వండి. ఒక ప్రింటుకు పెద్ద ఖర్చేమీ కాదు. రెండోసారి వెళ్ళినప్పుడు మీరు ఫోటోలు తీసే షహరీ బాబు కారు, ప్రింటు తెచ్చిన మనిషి. దారి వాళ్ళే చూపిస్తారు.

కొన్ని హద్దులు చట్టానివి. కర్మాగారం లోపల, గేట్ల దగ్గర, ప్రహరీ వెంట అనుమతి లేకుండా ఫోటోలు తీయకూడదు. అక్కడ పనిచేసేవారైనా అంతే. రైలుపట్టాల మీద నిలబడి తీయకూడదు. దుర్గ్, భిలాయిల మీదుగా పోయేది హౌరా-ముంబయి ప్రధాన మార్గం, క్షణం తీరికలేని లైను. పురావస్తు శాఖ గుళ్ళలో చేతి కెమెరాకు సాధారణంగా అభ్యంతరం ఉండదు, స్టాండు పెట్టాలంటే మాత్రం అనుమతి కావాలి. ఉరుములు వినబడితే పొలంలో ఉన్నది మీరొక్కరే, పొడుగాటి వస్తువు కూడా మీరే. చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి వెళ్ళండి.

ఒక విషయం మాత్రం నిదానంగా చెప్పాలి. కంపెనీ క్వార్టరు కంపెనీదే. ముప్పై, ముప్పైఅయిదేళ్ళు ఉన్న ఇల్లు రిటైరైన తర్వాత ఖాళీ చేయాలి. కొందరు దగ్గరలోనే స్థలం కొనుక్కుని ఉండిపోతారు, కొందరు విశాఖకో, సొంత ఊరికో వెళ్ళిపోతారు. వెళ్ళేటప్పుడు వారి దగ్గర పెళ్ళిళ్ళ ఫోటోలు, వీడ్కోలు సభలో శాలువా కప్పిన ఫోటో ఉంటాయి. జీవితంలో సగం గడిచిన ఊరి ఫోటో ఒక్కటీ ఉండదు. షిఫ్టుకు సైకిలు మీద వెళ్ళిన రోడ్డు, పెరట్లో వేసిన మునగచెట్టు, కూరగాయలు తెచ్చే పల్లె మనిషి, అతని పల్లె, ఏవీ ఉండవు. అటు ఆ పల్లెలూ నిలిచి లేవు. పొలాలు ప్లాట్లవుతున్నాయి, చెరువులు పూడుతున్నాయి. మీరు ఈ ఏడాది తీసిన గట్టు పదేళ్ళకు ప్రహరీగోడ కావచ్చు. అందుకని నెలకొకసారి ఒకే చోట, ఒకే వైపు నిలబడి, ఒకే ఫోటో తీసే అలవాటు చేసుకోండి. ఒక తుమ్మచెట్టు, దాని వెనక మడి చాలు. పన్నెండు నెలల ఫోటోలు వరుసగా గోడకు పెడితే పిల్లలు వ్యవసాయమంటే ఏమిటో అడగడం మొదలుపెడతారు.

ఫోటో తీశాక పని అయిపోలేదు. పేరులేని ఫోటో పదేళ్ళకు తీసినవారికే గుర్తుండదు. ప్రింటు వెనుక మెత్తని పెన్సిలుతో ఊరి పేరు, తేదీ, ఉన్న మనిషి పేరు, ఆ మనిషి చెప్పిన మాట ఏదైనా రాయండి. బాల్‌పెన్ను అచ్చు ముందువైపుకు దిగుతుంది. కంప్యూటరులో దాచుకునేవారు నెలవారీ ఫోల్డరు చేసి రెండుచోట్ల ఉంచండి, ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న కొడుకు దగ్గరో కూతురి దగ్గరో. ఫోన్లోనే వదిలేసినవి ఫోన్‌తోనే పోతాయి. ఇవ్వాల్సిన ప్రింట్లు మాత్రం వేరే కవరులో పెట్టి, చెప్పుల పక్కన ఉండే నడక సంచిలోనే ఉంచండి. వచ్చే ఆఫ్‌కు ఏ ఊరు వెళ్ళాలో ఆ కవరే చెబుతుంది.