విద్యాశాసనములు – తల్లిదండ్రుల కర్తవ్యము

(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మగ్గముల చప్పుడు నడుమ బ్రతుకు మన భవాని పేటకు శాసనసభ దూరముగనే తోచును. కాని మన పిల్లలు ఏ తరగతిలో ఏ భాష నేర్వవలెనో నిర్ణయించునవి ప్రభుత్వపు చట్టములు, ఉత్తర్వులే. అవి రూపొందునప్పుడు మనము మౌనముగ నుండుట తగదు.

ప్రజల మాటకు విలువ కలదా యని కొందరు సందేహింతురు. 2019 మే 31వ తేదీన కేంద్రము జాతీయ విద్యావిధానపు ముసాయిదాను ప్రకటించినది. అందలి హిందీ నిబంధనపై తమిళనాట నిరసన చెలరేగగా, జూన్ 3వ తేదీననే దానిని సవరించిరి. మన మహారాష్ట్రమున 2025 ఏప్రిల్‌లో మరాఠీ, ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలలయందు ఒకటవ తరగతినుండి హిందీని తప్పనిసరి చేయుచు ఉత్తర్వు వెలువడినది. ప్రజలు ఎదురు చెప్పగా జూన్ 29వ తేదీన ప్రభుత్వము వెనుకకు తగ్గి, డాక్టర్ నరేంద్ర జాదవ్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది.

చిన్నపిల్లలకు మూడు భాషలు భారమా కాదా యని అప్పుడు రాష్ట్రమంతట చర్చించిరి. తెలుగు మాధ్యమమున చదువు పిల్లవాడు చిన్న తరగతులనుండియే తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు మూడును మోయుచున్నాడు. ఈ సంగతి చెప్పవలసినవారు మనము గాక మరెవరు?

విద్యాహక్కు చట్టము 2009లో వచ్చినది. పాఠశాల నిర్వహణ సంఘమున నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులును, మొత్తము సభ్యులలో సగము స్త్రీలును ఉండవలెనని అది విధించినది. 2012 నాటి సవరణ అల్పసంఖ్యాకుల పాఠశాలలలో ఆ సంఘమునకు సలహా చెప్పు పనిని మాత్రమే మిగిల్చినది. 2014లో సుప్రీంకోర్టు ఆ చట్టమే అట్టి పాఠశాలలకు వర్తింపదని తీర్పు చెప్పినది. రాజ్యాంగపు 30వ అధికరణము మనకిచ్చిన స్వాతంత్ర్యము ఆ విధముగ నిలిచినది, సంతోషమే. కాని తల్లిదండ్రుల నడిగి తీరవలెనను ఆ చట్టపు నిర్బంధము మన బడులకు లేకపోయినది. చట్టము విధింపనిదానిని మనమే మనసార పాటింపవలయును. మన బడిలో నోరు విప్పనివారు ప్రభుత్వము నెట్లు ప్రశ్నింపగలరు?

కేంద్రము 2014లో చేసిన నిర్ణయము ప్రకారము, బిల్లు ముసాయిదాను కనీసము 30 దినములు ప్రజల ముందుంచవలెను. అట్టి ముసాయిదా వెలువడగనే దానిని తెలుగులో చదివి వినిపించుట మన సంఘపు విధి. బీడీలు చుట్టు తల్లియు, మగ్గము నడుపు తండ్రియు తమ అభిప్రాయమును చెప్పవలెను. తెలుగున వ్రాసిన ఎవరు చదువుదురను సంకోచము వలదు. రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను తన ఇబ్బందిని అధికారులకు విన్నవించుకొను హక్కును 350వ అధికరణము ప్రతివానికి ఇచ్చినది. మరాఠీ ప్రతిని జతచేసిన మరింత మేలు.

పడుగు ఎంత చక్కగ వేసినను పేక లేనిదే గుడ్డ కాదని మీకు నేను చెప్పనక్కరలేదు. శాసనమునకు పేక ప్రజాభిప్రాయమే. రాబోవు తల్లిదండ్రుల సభకు ప్రతి ఇంటినుండి ఒకరైనను వచ్చి మాటలాడుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.