త్వరగా ముగిసిపోతే చాలుననే ఎత్తు



చదరంగము గురించి సంఘములో మాట్లాడుట ఏమిటని మీలో కొందరు అనుకొనవచ్చును. అయినను ఒక గొప్ప ఆటగాడు వేసిన ఒక్క తప్పుటెత్తు మనకందరికీ పనికివచ్చునని తోచి, ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

2024 డిసెంబరు 12న సింగపూరులో ప్రపంచ చాంపియన్ పోటీ చివరిదైన 14వ ఆట జరిగినది. ఒకవైపు 2023లో ఆ కిరీటము గెలిచిన చైనా దేశస్థుడు డింగ్ లిరెన్. మరొకవైపు చెన్నైలోని తెలుగు కుటుంబములో పుట్టిన 18 ఏండ్ల గుకేశ్. అప్పటికి ఇద్దరికీ ఆరున్నర పాయింట్లే. ఈ ఆట డ్రా అయితే మరునాడు వేగపు ఆటలతో తేల్చవలెను.

బల్లమీద ఇద్దరికీ తలా ఒక ఏనుగు, ఒక శకటు మిగిలాయి. డింగ్‌కు రెండు బంట్లు, గుకేశ్‌కు మూడు. బంటు తక్కువైనా ఏనుగులు ఉన్నంతవరకు కాచుకొనవచ్చును. కాని అది ఓపికతో చేయవలసిన పని. గడియారములో డింగ్‌కు మిగిలిన సమయమా తక్కువ. 55వ ఎత్తులో ఆయన తన ఏనుగును గుకేశ్ ఏనుగుకు ఎదురుగా పెట్టి మార్పిడికి పిలిచారు. బలగము తగ్గితే డ్రా దగ్గరపడుననుట మామూలు లెక్కే. కాని ఆయన శకటు బల్ల మూలన చిక్కుకొని ఉన్నది. ఏనుగులతోపాటు శకట్లు కూడా పోక తప్పలేదు. రాజులు, బంట్లు మాత్రమే మిగిలినప్పుడు ఆ ఒక్క అదనపు బంటే ఆటను తేల్చును. మరి మూడు ఎత్తులకే డింగ్ ఓటమిని ఒప్పుకొన్నారు.

గుకేశ్ కూడా ఆ తప్పును వెంటనే చూడలేదట. వేరొక ఎత్తు వేయబోయి, మరల బల్లవైపు చూచినప్పుడు కనబడినది. గెలుపు ఆ రెండవ చూపులో ఉన్నది.

డింగ్‌కు ఆట తెలియక కాదు. గంటల తరబడి కాచుకొని అలసిన మనసుకు, త్వరగా ముగించే దారే క్షేమమైన దారిగా కనబడును. మేమును ఒకసారి అన్నదమ్ముల పొలము తగవు తీర్చ కూర్చున్నాము. ప్రొద్దు గుంకినది, అందరూ అలసినారు, ఇద్దరూ సరేనన్నారు. కాగితము వ్రాయించి లేచాము. తల్లి జీవనమునకు ఏమి విడిచిపెట్టవలెనో ఎవరమూ అడుగలేదు. ఆ తల్లి గడపలోనే నిలబడి ఉన్నది. ఒక్కసారి తల త్రిప్పి చూడవలసినది మేము, చూడలేదు.

ఆట ముగిసిన తరువాత గుకేశ్ కన్నీరు కార్చుచునే పావులన్నిటిని తిరిగి వాటి వాటి గళ్ళలో పేర్చారు. ఓడినవానిని నిజమైన చాంపియన్ అని మెచ్చుకొన్నారు. డింగ్ సాకులు వెదకక, ఫలితము న్యాయమైనదే అన్నారు. ఓడినా గెలిచినా మనిషి నిలువవలసిన తీరు అది.

కనుక పని ముగింపుకు వచ్చి, లేచి పోదామని ప్రాణము తొందరపడినప్పుడే మరొక్కసారి బల్లవైపు చూతము. మూలన ఉన్నవారెవరో చూచిన తరువాతనే చేయి కదుపుదము.