లాసెట్‌కు సిద్ధమవుతున్నారా?

ఇంటర్ చదివినవారికి అయిదేళ్ల, డిగ్రీ చదివినవారికి మూడేళ్ల లా కోర్సులో ప్రవేశానికి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాయాల్సింది లాసెట్. గంటన్నరలో 120 ప్రశ్నలు. జనరల్ నాలెడ్జ్‌కు, వర్తమాన అంశాలకు చెరి 30 మార్కులు. న్యాయవిద్యకు సంబంధించిన ప్రశ్నలకు 60. కాబట్టి సగం సమయం వీటికే కేటాయించండి.

రాజ్యాంగంతో మొదలుపెట్టండి. ప్రాథమిక హక్కులకు భంగం కలిగితే 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. ఇలా జంటగా చదివితే బాగా గుర్తుంటాయి.

పాత పుస్తకాలతో జాగ్రత్త. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది.

తప్పు జవాబుకు మార్కులు కోయరు, ఏ ప్రశ్ననూ వదలకండి. కోచింగ్‌కు డబ్బు లేదని వెనుకాడకండి. గ్రంథాలయంలో రోజూ దినపత్రిక చదవండి, వారానికో పాత ప్రశ్నపత్రం టైము పెట్టుకుని రాయండి. విజయోస్తు!