తాతగారి రేకుపెట్టె
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



ఉగాది పచ్చడి రుచి నాలుక మీద ఉండగానే పాతసామాను మాట ఎత్తుతున్నందుకు మన్నించాలి. మేము పోగుచేస్తున్న పాత నాటకాల సామగ్రిని గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు కోరారు. సామగ్రి అన్నది వారి మాట. మా ఇంట్లో దాని పేరు చెత్త.

ఈ బెంగుళూరులో స్థిరపడిన మన కుటుంబాలలో రాయలసీమనుండి వచ్చినవారు చాలామంది ఉన్నారు. పద్యనాటకం మనకు ఎరువు సొమ్ము కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు, కోలాచలం శ్రీనివాసరావుగారు నాటకాలు వ్రాసి ఆడించినది బళ్ళారిలోనే. రాఘవగారిదీ ఆ ఊరే. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసినది గాని, ఆ నాటకాలు మన పెట్టెలలోనే ఉండిపోయినవి. కడప జిల్లా సురభిలో 1885లో కీచకవధతో మొదలైన సమాజం సంగతి మీరెరిగినదే.

మా తాతగారు నటులు కారు, హార్మణి వాయించేవారు. వారు పోయిన తరువాత రేకుపెట్టె నిండా కరపత్రాలు, నాటక పుస్తకాలు మిగిలినవి. ఇల్లు మారేటప్పుడు బరువని మేమే వాటిని పాతకాగితాలవానికి తూకానికి వేశాము. అడుగున అంటుకొని ఉన్న ఒక పుస్తకం, మూడు కరపత్రాలు, రెండు రికార్డులు మాత్రం దక్కినవి. ఇప్పుడు ఊరూరా తిరిగి వెతుకుతున్నది ఆ తూకంలో పోయినదానికే.

కరపత్రంతో వచ్చే చిక్కు ఏమంటే, దానిమీద సంవత్సరం తరచుగా ఉండదు. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు అని ఉంటుంది. ఏ శనివారమో దేవునికెరుక! అప్పుడు టిక్కెట్టు ధర చూడాలి. అణాలలో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది కావచ్చును. నయాపైసలు కనిపిస్తే 1957కు, 1964కు నడుమది. జనానికి అణాల లెక్క ఒక్కరోజులో పోలేదు గనుక రెండేళ్ళు అటూ ఇటూ చూసుకోవాలి. రాఘవగారి బొమ్మ పుస్తకాలలో దొరుకుతుంది. కరపత్రం అడుగున సన్నని అక్షరాలలో వేసిన చెలికత్తె వేషధారి పేరు మరెక్కడా దొరకదు. మాకు కావలసినది ఆ అడుగు వరుస.

రికార్డుల మాట. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక వైపు మూడు నిమిషాలే పడుతుంది. రంగస్థలం మీద "వన్స్ మోర్" కేకల మధ్య పావుగంట సాగిన రాగాన్ని అందులో కుదించి పాడేవారు. కనుక రికార్డు విని నాటకం విన్నామనుకోరాదు. అది లక్కతో చేసినది, స్పిరిటుతో తుడిస్తే కరుగుతుంది. ఒకదానిపై ఒకటి పేర్చక నిలువుగా పెట్టండి. ఎల్.పి. ముల్లుతో వాయించకండి, గాడికి ఆ ముల్లు చాలదు. కరపత్రాలకు జిగురు టేపు అంటించవద్దు. మేము అంటించి ఒకదానిని పసుపుపచ్చని మచ్చ చేసుకున్నాము.

ఇక ఆ పుస్తకం. అంచుల నిండా తాతగారి పెన్సిలు గుర్తులు: ఎక్కడ శ్రుతి అందుకోవాలో, ఎక్కడ నటునికోసం ఆగాలో. కొన్ని పోల్చుకున్నాము. నాలుగో అంకంలో ఒక పద్యం ప్రక్కన మాత్రం మూడు సున్నలు, ఒక అడ్డగీత ఉన్నవి. రాగమో, తెర దించమన్న సైగయో తెలియలేదు. హార్మణి వాయించినవారో, వారి పిల్లలో ఈ సభలో ఉంటే, పుస్తకం తెచ్చాము, వేదిక ప్రక్క బల్లమీద ఉన్నది. భోజనాల తరువాత ఒకసారి చూడండి.