శరత్కాలమున మన్యపు దారి



వానలు వెనుకపట్టి, ఆకాశము తేటపడి, దసరా పండుగ వచ్చు దినములలో కుటుంబముతో ఎక్కడికైన పోయి రావలెనను కోరిక ప్రతి యింటను పుట్టుచుండును. పూర్వము మనకు ప్రయాణమనగా పుణ్యక్షేత్రమునకో, పెండ్లికో, పరామర్శకో. ఇప్పుడు పట్టణములలో నుద్యోగములు చేయు కొడుకులును కోడండ్రును సెలవులకు వచ్చి, “నాన్నగారూ, అమ్మా, కారులో కొండలకు పోయి వత్తము, మీరును రండి” అని పిలుచుచున్నారు. “మాకెందుకురా ఈ వయసున ఆ తిరుగుడు? మీరు పోయి రండు” అని పెద్దలు తప్పించుకొనుచున్నారు. అట్లు తప్పించుకొనరాదని చెప్పుటకే నేటి నా ప్రసంగము. పెద్దలు వెంటలేని ప్రయాణమున పిల్లలకు కొరవడున దేదో ఒక దారిని పట్టుకొని పోవుచు మనవి చేసెదను.

విశాఖపట్టణమున బయలుదేరి, కొత్తవలస, శృంగవరపుకోటల మీదుగా కొండ నెక్కి, అనంతగిరి దాటి అరకులోయ చేరుటకు సుమారు 115 కిలోమీటర్లు. అక్కడినుండి పాడేరు పోయి, వేరొక ఘాటుదారిని మాడుగుల వైపునకు దిగి, చోడవరము, అనకాపల్లి మార్గమున తిరిగి విశాఖకు రావచ్చును. ఎక్కు దారి యొకటి, దిగు దారి మరియొకటి యగుటచే చూచినదే చూచుట యుండదు. రెండు రాత్రులు కొండమీద నిలిచినచో మూడు దినములలో నిదానముగా ముగియును. అరకు, పాడేరు ప్రాంతములు 2022వ సంవత్సరమునుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో నున్నవి. పాడేరు ఆ జిల్లాకు ముఖ్యపట్టణము.

ఈ దారికి శరత్తువంటి ఋతువు మరియొకటి లేదు. వానకాలమున కొండచరియలు విరిగి దారి మూసికొను భయము కలదు. వేసవిలో జలపాతములు సన్నగిల్లును. ఆశ్వయుజ కార్తీకములలో వాగుల నీరు తేటపడును, చేలు నిండుగా నుండును, ఎండ చురుకు తగ్గును. అయితే బంగాళాఖాతమున తుపానులు పుట్టు మాసములును ఇవియే. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును తాకి, కొండమీది కాఫీతోటలలోని నీడచెట్లను సహితము కూలద్రోసెను. కావున వాతావరణ శాఖవారి హెచ్చరిక యున్న దినమున ప్రయాణము మానుకొనవలెను. గదులకు ముందే సొమ్ము కట్టితిమి గదా యని పిల్లలు తొందరపడుదురు. “సొమ్ము పోయిన పోనిమ్ము” అని ఆ యింట గట్టిగా చెప్పగలవారు పెద్దలే.

మన తాతలు మన్యమనగా జడిసెడివారు. కొండయెక్కి వచ్చినవాడు చలిజ్వరముతో మంచమెక్కుననియు, అది ఆ నీటి దోషమనియు, గాలి దోషమనియు చెప్పుకొనెడివారు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అను వైద్యుడు మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొనెను. నీటిమీద వేసిన నింద నాటితో దోమకు చెందెను. ఆ జ్వరము మన్యమును నేటికిని పూర్తిగా విడిచిపోలేదు. ప్రొద్దుగూకిన పిమ్మట నిండుచేతుల చొక్కా తొడుగవలెను; రాత్రి దోమతెర కట్టవలెను. ఇంటికి వచ్చిన కొన్ని వారములలో చలిజ్వరము సోకినచో, మన్యము పోయి వచ్చితిమని వైద్యునితో చెప్పి రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఇంతమాత్రము జాగ్రత్త యున్న భయపడ నవసరము లేదు.

శృంగవరపుకోట దాటినపిమ్మట దారి మెలికలు తిరుగుచు కొండయెక్కును. మలుపుమలుపునకు కొమ్ము మ్రోగింపవలెను. ఎక్కు బండికి దిగు బండి దారి యీయవలెను. ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెనుగాని బ్రేకునే నమ్ముకొని దిగరాదు. దారిలో గంపలతో సీతాఫలములు పెట్టుకొని గిరిజన స్త్రీలు కూర్చుండి యుందురు. అవి ఈ ఋతువు పంట.

ఈ దారినుండి చీలి పోయినచో బొర్రా గుహలు వచ్చును. అచటి కొండ సున్నపురాయి. నేలలోని బొగ్గుపులుసు గాలిని కలుపుకొన్న వాననీరు ఆ రాతిని లక్షల సంవత్సరములుగా కరగించి గుహలను తొలిచినది. పైకప్పునుండి బొట్టుబొట్టుగా కారు నీరు తనలోని సున్నమును విడుచుచు, పైనుండి క్రిందికి ఊడలవలెను, క్రిందినుండి పైకి స్తంభములవలెను రాతిని పెంచుచున్నది. జానెడు పెరుగుటకు ఎన్నో తరములు పట్టు ఆ రాతిని చేతితో తాకుట, విరుచుట, పేర్లు చెక్కుట తగదు. మేయుచున్న ఆవొకటి పైనున్న బిలములో పడగా, దానిని వెదకుచు వచ్చిన పసులకాపరి లోపల లింగాకారమును చూచెనని స్థానికుల కథ. ఈ కొండలలో పుట్టిన గోస్తనీనది భీమునిపట్టణమున సముద్రమును చేరుచున్నది. మనుమలకు ఈ కథను, ఆ సున్నపురాతి సంగతిని రెంటిని చెప్పుడు. రెండును వినదగినవే.

బొర్రాకు చేరువలో కటికి జలపాతము కలదు. జీపు కొంతదూరము పోవును; ఆ పైన నడక. నడకను గూర్చి ఒకమాట చెప్పవలెను. పడుచువారు ముందు పరుగిడుదురు, పెద్దలు వెనుకబడి రొప్పుదురు, అందరికిని విసుగు పుట్టును. దీనికి విరుగుడు సులభము. కుటుంబములో అందరికంటె మెల్లగా నడచువారిని ముందుంచవలెను. తక్కినవారు వారి వెనుక నడచినచో ఎవ్వరును విడిపోరు, ఎవ్వరును అలసిపోరు. చెట్టును, పురుగును, పిట్టను చూచుటకు తీరిక దొరకును. పట్టణమున పెరిగిన పిల్లలకు కానుగ యేదో కరక యేదో తెలియదు, చెప్పగలవారు మీరు. నాచు పట్టిన బండలపైకి మాత్రము ఎవ్వరినిగాని పోనీయవలదు. నునుపైన బండ, చల్లని నీరు, సెలవుదినపు ఉత్సాహము ఈ మూడును కలిసినచోట ప్రాణములు పోయిన ఉదంతములు ఈ కొండలలో పలుమారులు జరిగినవి.

అరకు లోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఈ దినములలో అచట వలిసె చేలు విరియబూచి, కొండచరియలకు పసుపు పూసినట్లుండును. చూడవచ్చినవారు ఛాయాచిత్రములకై చేల నడుమకు చొచ్చుచున్నారు. వలిసె పూలతోట కాదు, నూనెగింజల పంట. పూవు రాలినపిమ్మట గింజ కట్టును. ఆ గింజ కుటుంబమునకు నూనె, రొక్కము. త్రొక్కిన మొక్క లేవదు. కొందరు రైతులు చేనిలోనికి వచ్చువారినుండి కొంత రుసుము తీసికొనుచున్నారు. దానిని కొందరు తప్పుపట్టుచున్నారు. అయ్యలారా! మన వరిచేలు పొట్టకు వచ్చినపుడు కార్లలో వచ్చినవారు నడుమ నిలిచి ఆటలాడిన మన మూరకుందుమా? గట్టుమీద నిలిచి చూచిన పూవు అందము తగ్గదు. వ్యవసాయ మెరిగిన పెద్దలొక్కరు వెంటనున్న, ఈ మాట పిల్లలకు చేనివద్దనే తెలియును.

అచటి కాఫీతోటలుకూడ చూడదగినవి. సిల్వరు ఓకు చెట్ల నీడలో కాఫీమొక్కలును, ఆ చెట్లకే ప్రాకిన మిరియపు తీగెలును ఉండును. ఈ తోటలలో అనేకములు గిరిజన కుటుంబముల చిన్న కమతములు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించెను. పచ్చనికాయ ఎఱ్ఱబారునది ఈ ఋతువులోనే.

ఇక సంతసంగతి. నా ప్రసంగమునకు ముఖ్యమైనది ఇదియే. మన్యమున ఒక్కొక్కచోట వారమునకు ఒక్కొక్కనాడు సంత కూడును. బసచేసినచోట విచారించి ఆ దినమునకు అందునట్లు పోవలెను. తెల్లవారకమునుపే గూడెములు విడిచి, కొందరు కావడులతోను, కొందరు నెత్తిగంపలతోను కొండదారుల నడచి వత్తురు. అడ్డాకుల విస్తళ్ళు, కొండచీపుళ్ళు, తేనె, చింతపండు, చోళ్ళు, సామలు, పసుపు, పిప్పళ్ళు, గుమ్మడికాయలు అచట దొరకును. తూకముతోపాటు సోల, తవ్వ, కుప్పలెక్క యింకను సాగుచునే యున్నవి.

ఈ సంతల చరిత్రలో చేదు కలదు. మైదానమునుండి వచ్చిన వర్తకులు అప్పులిచ్చి, పంటను ముందే కట్టుకొని, తక్కువ ధరకు తీసికొనిరి. అప్పు తీరక భూములు చేజారెను. దారుల చరిత్రలోను ఇట్టిదే చేదు. అరకుకు దక్షిణమున గూడెము ప్రాంతమున కొండదారి వేయుటకు గిరిజనులచే సరియైన కూలి యీయక పని చేయించుట, అడవిపై వారి హక్కులను కట్టడిచేయుట, 1922నుండి 1924వరకు సాగిన మన్యపు తిరుగుబాటుకు ముఖ్యకారణములు. అల్లూరి సీతారామరాజు నాయకత్వము మన మందర మెరిగినదే. పిమ్మట 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి, అటవీఫలసాయమును న్యాయమైన ధరకు కొనుటకును, నిత్యావసర వస్తువులను అందించుటకును పూనుకొనెను. 1959లో ఏజెన్సీ భూముల బదలాయింపుపై నిబంధన వచ్చెను. 1970 సవరణతో అది మరింత గట్టిపడెను. ఇవి ప్రభుత్వము చేయవలసినవి. సంతలో నిలిచినపుడు చేయవలసినది మనచేతిలో నున్నది.

అదేమనగా, బేరము మితముగా నుండవలెను. బేరమాడుట తప్పని నే ననను. సంతకు అది మాటల ముచ్చట. కాని సాయంకాలమైనది, గంప మోసికొని మరల పదిమైళ్ళు పోలేదు, ఎంతకైన నిచ్చునని కనిపెట్టి సగము ధరకు గుంజుట బేరము కాదు, ఎదుటివారి యలసటను కొనుట. రెండవది, పిలుపు. మన ఇంటికి వచ్చిన ముత్తైదువను “అమ్మా, మీరు” అని పిలుచు నోటితోనే సంతలోని గిరిజనస్త్రీని “ఏమే” అనుట వినుచున్నాము. మూడవది, అడుగక ఛాయాచిత్రము తీయరాదు. ఆమె సరకు అమ్మవచ్చినదిగాని తన ముఖమును కాదు.

మరునాడు పాడేరు చేరినచో, చేరువనున్న వంజంగి కొండను తెల్లవారుజామున ఎక్కవచ్చును. శరత్తున రాత్రులు నిర్మలముగా నుండుటచే నేల త్వరగా చల్లారును. చల్లనిగాలి బరువై లోయలోనికి జారి, అందలి తేమ మంచుమబ్బుగా మారును. కొండపై నిలిచినవారికి మేఘములు పాలసముద్రమువలె కాళ్ళక్రింద కనబడును. సూర్యుడు పొడిచినకొలది అవి పైకి లేచి విడిపోవును. మోకాళ్ళు సహకరింపనివారు శిఖరమునకు పోనక్కరలేదు. క్రిందిచరియ నుండియు కొంత చూడవచ్చును. శాలువ, చేతిదీపము, చేతికఱ్ఱ, నీటిసీసా వెంటనుండవలెను. తీసికొనిపోయిన ప్లాస్టికు సంచిని, సీసాను తిరిగి క్రిందికి తేవలెను. మేఘము విడిపోయినపిమ్మట చెత్త బయటపడుట ఆ కొండకు అవమానము.

పాడేరునుండి దిగినచో మాడుగుల వచ్చును. అది చిన్న యూరైనను అచటి హల్వా పేరు పెద్దది. గోధుమలను నానవేసి రుబ్బి పిండిన పాలను పంచదారతోను నేతితోను కట్టెలపొయ్యిమీద గంటలతరబడి కలియబెట్టి దానిని చేయుదురు. కారులు ఆగును, అందరు పొట్లములు కట్టించుకొందురు. అంగడివాడు చెప్పిన ధరను మారుమాట లేక ఇత్తురు. ఇచ్చుట సబబే, పనితనమునకు విలువ యీయవలసినదే. కాని నిన్నటి సంతలో పదిరూపాయలకై అర్ధగంట వాదించిన చేయియే నేడు ఇచట ఎదురాడక వందలు లెక్కించుట చిత్రముగా నున్నది. అద్దాల అంగడిలో ధరకు మర్యాద యుండి, నేలమీద పరచిన గోనెపై దానికి మర్యాద లేకుండుట ఏమి న్యాయము? తేనెపట్టుకై చెట్టెక్కినవాని పనితనము పొయ్యివద్ద గరిటె త్రిప్పినవాని పనితనమునకు తీసిపోయినదా?

పిల్లలకు దీనిని పాఠముగా చెప్పిన వినరు. తాతగారు సంతలో చీపురుకట్ట కొని, అడిగిన ధర యిచ్చి, “అమ్మా, ఏ ఊరినుండి వచ్చితిరి?” అని పలుకరించుట చూచినచో, వారికి వేరే చెప్పనక్కరలేదు. అందువలననే ఈసారి మీ పిల్లలు పిలిచినపుడు కాదనవలదని నా మనవి. ముందుసీటున కూర్చుండి దారి నెమ్మదిగా పోనిండని చెప్పుడు. నడకలో ముందు నడువుడు. సంతలో మీరే కొనుడు. తిరిగివచ్చిన పిమ్మట ఆ అడ్డాకులలో ఇంటిల్లిపాదియు భోజనము చేయుడు.