పందెపు కారులో మంటలార్పు సాధనము



1973వ సంవత్సరము జులై 29వ తేదీన హాలండు దేశమందలి జాండ్‌వూర్ట్ అనుచోట కార్ల పందెము జరుగుచుండెను. రోజర్ విలియమ్సన్ అను ఆంగ్లయువకుని కారు అదుపుతప్పి, తలక్రిందులై మంటలలో జిక్కెను. డేవిడ్ పర్లీ అను తోటి చోదకుడు తన కారును నిలిపి, బాటకడ్డముగా పరుగెత్తి, బోర్లపడిన కారును తిరుగవేయుటకు ఒంటరిగా పెనుగులాడెను. చేతికందిన మంటలార్పు సిలిండరును గూడ ప్రయోగించెను. అది కొలదిసేపటిలో ఖాళీయయ్యెను. విలియమ్సన్ ఆ కారులోనే మరణించెను. పర్లీకి పిమ్మట శౌర్యపతకము నొసగిరిగాని, ఆ పతకము నెవరు కోరిరి?

బయటివారు వచ్చి ఆర్పువరకు పెట్రోలుమంట వేచియుండదు. కావున సాధనము కారులోనే యుండవలెను. దాని నిర్మాణము సులభమైనదే. పీడనముతో నింపిన సిలిండరొకటి. దానినుండి యింజనుకడకును, చోదకుని పీఠముకడకును పోవు సన్నని గొట్టములు. వాని కొనలయందు చిమ్ముమొనలు. పట్టీలతో పీఠమునకు బిగింపబడియున్న చోదకునికి అందునట్లు ఒక మీట యుండును. అతడు స్పృహ తప్పినచో వేరొకరు లాగుటకు కారు వెలుపల మరియొక పిడి యుండును. ఎఱ్ఱని అంచుగల తెల్లని వలయములో ఎఱ్ఱని ‘ఇ’ అను ఆంగ్లాక్షరము ఆ పిడికి గుర్తు. కారు బోర్లపడినను సాధనము పనిచేయవలెనని నియమము. జాండ్‌వూర్ట్ కథ వినినవారికి దీని కారణము చెప్పనక్కరలేదు.

సిలిండరును బిగించుటలో ఉపేక్ష పనికిరాదు. కారు దేనినైన ఢీకొన్నప్పుడు వదులుగానున్న సిలిండరు ఫిరంగిగుండువలె చోదకునిపైనే పడును. అందుచే లోహపు పట్టీలతో కారుచట్రమునకు బిగింతురు. తన బరువునకు 25 రెట్ల తాకిడికైనను అది కదలరాదు. చిమ్ముమొనలు చోదకుని ముఖమువైపు తిరిగియుండరాదు. లాగుతీగను వంకరలు లేకుండ నడిపింపవలెను.

అమర్చినవారు అనేకులు, పిదప దానిని చూచువారు కొందరే. తీగకు త్రుప్పు పట్టును. మొనలలో మట్టి చేరును. విద్యుత్తుతో పనిచేయు రకమైనచో దాని బ్యాటరీ నీరసించును. సిలిండరును తూచినగాని మందు తగ్గినదో లేదో తెలియదు. పీడనము జూపు ముల్లును గూడ చూడవలెను. నింపిన నాటినుండి రెండేండ్లు మించకుండ పరీక్ష చేయించి, మరుసటి పరీక్షతేదీని సిలిండరుపై వ్రాయింపవలెను. అన్నిటికంటె వింతయైనదొకటి కలదు. కార్ఖానాలో పొరబాటున మందు చిమ్మకుండ మీటకు ఒక చీల పెట్టుదురు. పందెమునకు బోవునప్పుడు దానిని తీయ మరచినచో, ఆ సిలిండరు కేవలము కారుకు బరువే!

2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో రొమేన్ గ్రోజాన్ కారు రెండుముక్కలై మండినది. అతడు సుమారు 28 సెకనులు మంటలలో నుండి ప్రాణములతో వెలికివచ్చెను. అంత స్వల్పకాలములో మీట యెక్కడని వెదకుటకు తీరికయుండదు. అందుచే తెలిసిన చోదకుడు బండి నిలిచియుండగనే కన్నులు మూసికొని, ముందుగా ఇంజనును ఆపు మీటను, పిదప మంటలార్పు మీటను తడుముకొని, చేతికి వాడుక చేసికొనును.